బతికున్న సూక్ష్మజీవిని సూదిమొనతో తడిమి చూడటం

ఈ.కోలి అనే బ్యాక్టీరియా కణం ఒక్కోటి సుమారు ఒక పైకోగ్రాము తూగుతుంది. గ్రాములో లక్ష కోట్లవ వంతు. భూమి దాన్ని కిందికి లాగే బలం పైకోన్యూటన్‌లో నూరో వంతు మాత్రమే. సూదిమొనతో వస్తువును తడిమి బొమ్మ గీసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు (ఏఎఫ్ఎం) మీద పనిచేసేవాళ్లు ‘చాలా మెల్లగా తాకించాం’ అన్నారంటే ఆ తాకిడి 100 పైకోన్యూటన్ల దాకా ఉంటుంది. కణం బరువుకు పదివేల రెట్లు! 60 కిలోల మనిషి మీద 600 టన్నులు మోపినట్టు. అయినా ఆ కణం చావదు సరికదా, కాసేపటికి రెండుగా చీలి పిల్లను కూడా ఇస్తుంది.

పోలిక వినడానికి బాగుంది గానీ కొంచెం మోసం చేస్తుంది. ఆ సైజులో బరువుకు విలువే లేదు. చూడాల్సింది ఒత్తిడిని. మొన 10 నానోమీటర్ల వ్యాసార్ధం మేర కణాన్ని తాకిందనుకుంటే, 100 పైకోన్యూటన్ల బలానికి అక్కడ సుమారు 3 అట్మాస్ఫియర్ల (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి మూడింతల) ఒత్తిడి పడుతుంది. కారు టైర్లో కొట్టించే గాలి కంటే ఎక్కువ. బలాన్ని వెయ్యి పైకోన్యూటన్లకు, అంటే ఒక నానోన్యూటన్‌కు పెంచితే 30 అట్మాస్ఫియర్లు. కణం లోపలికి నొక్కుకుని తాకే చోటు వెడల్పవుతుంది కాబట్టి నిజానికి అంత రాదు, అయినా అంచనాకు ఈ లెక్క చాలు. ఇక ఈ.కోలి లోపలి నుంచి తన గోడను బయటికి నెట్టే ఒత్తిడి ఎంత? 2011లో ఏఎఫ్ఎంతోనే కొలిస్తే సుమారు 29 కిలోపాస్కల్స్ వచ్చింది, అంటే 0.3 అట్మాస్ఫియర్. మనం బయటి నుంచి మోపేది దానికి పదింతలు.

అందుకే ఈ రంగంలో మైక్రోస్కోపు ఎంత గొప్పది అన్నది రెండో ప్రశ్న. కణాన్ని కదలకుండా, అదే సమయంలో చావకుండా ఎలా పట్టుకున్నారు అన్నది మొదటిది. ఏ ఫలితం చూపించినా తెలిసినవాళ్లు అడిగేది అదే.

చూడటం కాదు, తడమటం

మామూలు మైక్రోస్కోపు వెలుగుతో చూస్తుంది. వెలుగు తరంగదైర్ఘ్యం వల్ల సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు దానికి ఒకటిగానే కనిపిస్తాయి. ఈ.కోలి మొత్తం పొడవే 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు), వెడల్పు ఒక మైక్రాన్ లోపు. ఇక దాని చర్మం మీది వివరం ఏం దొరుకుతుంది? ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆ వివరం ఇస్తుంది గానీ కణాన్ని గడ్డకట్టించాలి, లేదా ఎండబెట్టి లోహపు పూత పూసి శూన్యంలో పెట్టాలి. చూసేది శవాన్నే.

1986లో గెర్డ్ బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టఫ్ గెర్బర్ ప్రకటించిన ఏఎఫ్ఎం ఈ రెండు దారులూ వదిలేసింది. దానికి కంటి పని లేదు. కాంటిలీవర్ అనే బుల్లి పలక ఉంటుంది, ఒక చివర కట్టేసి, ఇంకో చివర గాల్లో వదిలేసిన, ఈతకొలనులోకి దూకే పలక లాంటిది. బతికున్న కణాల మీద వాడేది ఎక్కువగా సిలికాన్ నైట్రైడ్‌తో చేస్తారు. పొడవు 100 నుంచి 200 మైక్రాన్లు, మందం ఒక మైక్రాన్ లోపే. వదిలేసిన చివర కింద సూదిమొన ఉంటుంది, ల్యాబుల్లో టిప్ అంటారు. దాని కొస వ్యాసార్ధం 2 నుంచి 20 నానోమీటర్లు. పలక వీపు మీద లేజర్ పడి, తిరిగి వెళ్లి నాలుగు గళ్ల ఫోటోడయోడ్ (వెలుగును పసిగట్టే పరికరం) మీద వాలుతుంది. పలక నానోమీటరులో పదో వంతు వంగినా ఆ చుక్క జరుగుతుంది. కింద, కరెంటు ఇస్తే సాగి కుంచించుకునే పీజో స్కానర్ నమూనాను (కొన్ని యంత్రాల్లో మొననే) అటూఇటూ, పైకీ కిందికీ జరుపుతుంది. మొన గుట్ట ఎక్కితే పలక వంగుతుంది. వెంటనే ఫీడ్‌బ్యాక్ సర్క్యూట్ పీజోను సర్ది వంపును మళ్లీ మొదటి స్థాయికి తెస్తుంది. ప్రతి చోటా పీజో ఎంత ఎత్తు సర్దుకుందో రాసుకుంటూ పోతే అదే బొమ్మ.

పలక మెత్తదనం ఇక్కడ ముఖ్యం. దాన్ని స్ప్రింగ్ కాన్‌స్టాంట్‌తో చెబుతారు, అంటే పలకను ఇంత దూరం వంచడానికి ఎంత బలం కావాలో. కణాల పనికి మీటరుకు 0.01 నుంచి 0.1 న్యూటన్ల స్ప్రింగ్ కాన్‌స్టాంట్ ఉన్నవి తీసుకుంటారు. 0.03 ఉన్న పలకను 100 పైకోన్యూటన్లతో వంచితే 3.3 నానోమీటర్లు వంగుతుంది, ఇది హాయిగా కొలవగలిగిన వంపు. ఇంకా మెత్తది తీసుకోవచ్చు కదా అనిపిస్తుంది. కానీ గది వేడికే పలక తనంతట తాను వణుకుతుంటుంది. 0.03 పలకకు ఆ వణుకు సుమారు 0.4 నానోమీటర్లు, బలంలో చెబితే 11 పైకోన్యూటన్లు. మెత్తబరిచే కొద్దీ వణుకూ పెరుగుతుంది.

పనంతా నీళ్లలోనే జరగాలి. కణం ఎండితే చస్తుందన్నది ఒక కారణం. గాలిలో ఏ వస్తువు మీదైనా సన్నటి నీటిపొర ఉంటుంది, అది మొనను పట్టి గుంజుతుందన్నది రెండోది. ఆ గుంజుడు నానోన్యూటన్లు, ఒక్కోసారి పదుల నానోన్యూటన్లు. మనం మోపాలనుకున్న 100 పైకోన్యూటన్ల లెక్క అక్కడే కొట్టుకుపోతుంది.

పట్టుకోవడం

బ్యాక్టీరియాను గాజు పలక మీద వదిలి మొనతో గీస్తే ఏమవుతుంది? మొదటి గీతలోనే కొట్టుకుపోతుంది. మొన కిందికి ఎంత మెల్లగా నొక్కినా పక్కకి తోస్తుంది, గుండ్రటి కణానికి కింద ఆనుకునే చోటు బహు తక్కువ. గ్లూటరాల్డిహైడ్ వేస్తే గట్టిగా అతుక్కుంటుంది, కానీ అది ప్రోటీన్లను ఒకదానికొకటి కుట్టేసి కణాన్ని చంపేస్తుంది. అలా తీసిన బొమ్మకు ‘బతికున్న’ అని పేరు పెట్టకూడదు, పెట్టినవీ లేకపోలేదు.

గుండ్రటి కణాలకు చక్కటి ఉపాయం 1995లో కసాస్, ఇకాయ్ చూపించారు. కణం సైజుకు సరిపడా రంధ్రాలున్న ఫిల్టరు గుండా కణాలను వడకట్టడమే అది. గుంత పొంగణాల పెనంలో పిండి నిలిచినట్టు ఒక్కో రంధ్రంలో ఒక్కో కణం ఇరుక్కుని తల మాత్రం బయట పెడుతుంది. జిగురు లేదు, రసాయనం లేదు. ఈస్టుకు 5 మైక్రాన్లు, స్టఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియాకు 0.8 మైక్రాన్లు ఉన్న పాలికార్బొనేట్ పొర బాగా పనిచేస్తుంది. మిల్లీలీటరుకు పది లక్షల కణాల చొప్పున ఉన్న ద్రావణం ఒక 10 మిల్లీలీటర్లు తీసుకుని మెల్లగా వడకట్టాలి. పొరను, ఆమ్లత మారకుండా చూసే ద్రావణమైన బఫర్‌తో కడిగి, సెంటీమీటరు చదరం ముక్క కోసి, అడుగు భాగాన్ని మాత్రం టిష్యూ మీద ఆనించి తడి తీయాలి, పైభాగం ఒక్క క్షణం కూడా ఎండకూడదు. తర్వాత స్టీలు బిళ్ల మీద రెండువైపులా అంటుకునే టేపుతో అంటించి వెంటనే ఒక చుక్క బఫర్ వేయాలి. తప్పులు ఎక్కువగా ఈ టేపు దగ్గరే జరుగుతాయి. అడుగు తడిగా ఉంటే టేపు పట్టదు, స్కాన్ మధ్యలో పొర తేలిపోతుంది. మరీ ఆరబెడితే పైనున్న కణాలు పోతాయి. వడకట్టేటప్పుడు పంపు గట్టిగా లాగితే కణాలు రంధ్రంలోంచి కిందికి జారిపోతాయి, లేదా మరీ లోతుగా దిగబడి మొనకు అందవు.

కడ్డీ ఆకారపు ఈ.కోలి రంధ్రంలో సరిగ్గా కూర్చోదు. దానికి జెలటిన్ పూసిన అభ్రకం వాడతారు. ఈ పనిలో తెలుగు నేలకు తెలిసిన వస్తువు ఏదైనా ఉందంటే అది అభ్రకమే, గూడూరు గనులు దానికే పేరుపడ్డవి. టేపు అంటించి లాగితే అభ్రకం పొరలుగా విడిపోతుంది. కొత్తగా బయటపడ్డ ముఖం అణువుల స్థాయిలో సమతలంగా, ధూళి లేకుండా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో అరగ్రాము పంది జెలటిన్ కరిగించి, 60–70 డిగ్రీలకు చల్లార్చి, అభ్రకం ముక్కను నిలువుగా ముంచి తీయాలి. అంచు మీద నిలబెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. పడుకోబెడితే పొర ఒకవైపు మందంగా తేలుతుంది. ఎదుగుదల మధ్యలో ఉన్న కల్చర్ (బ్యాక్టీరియాను పెంచిన ద్రవం) నుంచి ఒక మిల్లీలీటరు తీసి, సెంట్రిఫ్యూజ్‌లో మెల్లగా తిప్పి, కణాలను కడిగి కొంచెం నీళ్లలోనో పలచటి బఫర్‌లోనో కలిపి జెలటిన్ మీద పరచాలి. పది నిమిషాలు ఆగి ధారగా నీళ్లు పోసి కడిగితే, అతుక్కోనివి పోయి కణాలున్న చోట లేత మసక మచ్చ మిగులుతుంది. మచ్చ కనిపించకపోతే మైక్రోస్కోపు దాకా వెళ్లడం దండగ.

ఈ పద్ధతికి ఒక మెలిక ఉంది. జెలటిన్, పాలీలైసిన్ లాంటివి కణాన్ని పట్టుకోవడంలో విద్యుదావేశాల ఆకర్షణ పాత్ర పెద్దది. నీళ్లలో ఉప్పు పెరిగితే ఆ ఆకర్షణ కుంచించుకుపోతుంది. మన శరీర ద్రవాల స్థాయిలో, అంటే 150 మిల్లీమోలార్ ఉప్పు ఉంటే, ఆవేశాల ప్రభావం 0.8 నానోమీటర్ల దూరానికే పోతుంది. ఒక మిల్లీమోలార్‌లో అయితే 10 నానోమీటర్ల దాకా ఉంటుంది. అందుకే పలచటి బఫర్‌లో గట్టిగా అతుక్కున్న ఈ.కోలి, మామూలు సెలైన్ బఫర్ పోయగానే ఊడిపోతుంది. పట్టు కావాలంటే కణానికి అలవాటు లేని పలచటి నీళ్లు ఇవ్వాలి, అలవాటైన నీళ్లు ఇస్తే పట్టు పోతుంది. పాలీలైసిన్‌తో ఇంకో చిక్కు ఏమిటంటే, ధనావేశమున్న ఆ పొడవాటి అణువు తానే బ్యాక్టీరియా పొరను దెబ్బతీయగలదు. యాంటీబయాటిక్ ప్రభావం చూద్దామని కణాన్ని పాలీలైసిన్ మీద కట్టేస్తే, దెబ్బ దేనిదో ఎవరు చెప్పాలి?

స్కాన్ మొదలయ్యాక

అన్నీ బిగించాక అరగంట నుంచి గంట దాకా ఊరికే వదిలేయాలి. నీళ్లు, లేజర్, పలక ఒకే ఉష్ణోగ్రతకు రాకపోతే బొమ్మ పక్కకు జారుతూనే ఉంటుంది. ఈలోగా చుక్క బఫర్ ఆవిరవుతుంటుంది. ఆవిరయ్యే కొద్దీ ఉప్పు చిక్కబడి, కణం నీరు కోల్పోయి ముడుచుకుపోతుంది. మూత ఉన్న ఫ్లూయిడ్ సెల్ వాడటం, లేదా గంటకోసారి చుక్క నీళ్లు కలపడం తప్పదు. నీటిలో గాలి బుడగ లేజర్ దారిలోకి వస్తే సిగ్నల్ పడిపోతుంది. ముందే పలక మీద చుక్క నీళ్లు వేసి తడిపి దించితే చాలావరకు బుడగ రాదు.

గట్టి గాజు మీద మొనను నొక్కి ఫోటోడయోడ్ వోల్టుకు ఎన్ని నానోమీటర్ల వంపో కొలవాలి, ఆ తర్వాత పలక వణుకు నుంచి దాని స్ప్రింగ్ కాన్‌స్టాంట్ తేల్చాలి. డబ్బా మీద అచ్చేసిన విలువను నమ్మకూడదు, అది ఒక నమూనా విలువే. ఒకే సిలికాన్ బిళ్ల, అంటే వేఫర్‌లో చేసిన పలకలకూ తేడాలుంటాయి.

మొదట 20 మైక్రాన్ల చదరం, తక్కువ గీతలతో, వీలైనంత తక్కువ బలంతో తీసి కణాలెక్కడున్నాయో చూస్తారు. తర్వాత ఒక కణం నడినెత్తిన 500 నానోమీటర్ల చదరానికి దిగుతారు. నడినెత్తినే ఎందుకంటే, పక్కవాలు మీద మొన కొస కాకుండా మొన పక్కభాగం తగులుతుంది. అక్కడ కనిపించేది కణం ఆకారం కాదు, మొన ఆకారం. బొమ్మలో ప్రతి కణం పక్కనా ఒకే దిక్కున ఒకేలాంటి నీడ కనిపిస్తే అది రెండు కొసలున్న మొన, మార్చి పారేయాల్సిందే. ఫీడ్‌బ్యాక్ ఎక్కువైతే గీతల్లో వణుకు కనిపిస్తుంది. తక్కువైతే కణం ఒక వాలు నున్నగా, తోకలాగా సాగుతుంది, మొన గుట్ట దిగేటప్పుడు వెంటనే కిందికి రాలేక గాల్లో తేలిందన్నమాట. కణం సగంలో కోసేసినట్టు ఆగిపోతే అది ఊడి వెళ్లిపోయింది, మరోసారి అక్కడ వెతకడం వృథా. అన్నిటికంటే కనిపెట్టడం కష్టమైంది మురికి. కణం నుంచి ఊడిన చక్కెర పోగు మొనకు చుట్టుకుంటే బొమ్మ ‘అందంగా మెత్తబడుతుంది’. మధ్యమధ్యలో ఖాళీ గాజు మీద మొనను తాకించి లాగి చూడాలి. శుభ్రమైన మొన గాజును దాదాపు అంటుకోకుండా విడుస్తుంది. అంటుకుంటే అప్పటిదాకా తీసిన బొమ్మల్ని కూడా అనుమానించాలి.

ఇంకో ఇబ్బంది కాలం. సెకనుకు ఒక గీత చొప్పున 512 గీతలు గీయడానికి ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. మంచి ఆహారం, 37 డిగ్రీలు ఉంటే ఈ.కోలి 20 నిమిషాలకే రెండవుతుంది. అంటే ఆ బొమ్మ పైగీత కంటే అడుగుగీతలో కణానికి దాదాపు సగం జీవితం ఎక్కువ వయసుంటుంది. 2010లో ఫాంట్నర్ బృందం చిన్న పలకలు, వేగమైన స్కానర్‌తో 13 సెకన్లకో బొమ్మ తీసి ఈ అడ్డంకి దాటింది. సీఎం15 అనే యాంటీమైక్రోబియల్ పెప్టైడ్ (క్రిములను చంపే చిన్న ప్రోటీన్ ముక్క) పోశాక నున్నగా ఉన్న ఈ.కోలి చర్మం ముడతలు పడటాన్ని కణం కణంగా చూశారు. ఒకే చోట పక్కపక్కనున్న కణాల్లో ముడతలు మొదలయ్యే సమయం ఒక్కోదానికి ఒక్కోలా ఉంది, మొదలయ్యాక మాత్రం వేగంగా ముగిసింది. లక్షల కణాలను కలిపి సగటు తీసే పరీక్షలో ఈ తేడా మాయమైపోతుంది.

ఇన్ని కష్టాలకు ప్రతిఫలం

స్టఫిలోకాకస్ గోడను చాలాకాలం ఇటుకలు పేర్చినట్టున్న గట్టి పెంకుగా ఊహించారు. 2020లో షెఫీల్డ్ బృందం ‘నేచర్’లో ప్రచురించిన ఏఎఫ్ఎం బొమ్మలు వేరే సంగతి చెప్పాయి. ముదిరిన గోడ బయటి ముఖం క్రమం లేని జెల్లీలా ఉంది, 60 నానోమీటర్ల వెడల్పు దాకా గుంతలున్నాయి. అప్పుడే చీలిన కొత్త ముఖం మీద మాత్రం ఒకదాని చుట్టూ ఒకటి వలయాలున్నాయి. లోపలి ముఖం దట్టంగా అల్లుకుని ఉంది. బయటి నుంచి వచ్చే అణువుకు అసలు అడ్డం ఈ లోపలి అల్లికే. 2021లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు బతికున్న ఈ.కోలి బయటి పొరలో పోరిన్ (పొరలో రంధ్రాలు చేసే) ప్రోటీన్ల అల్లికను, మధ్యమధ్యలో ప్రోటీన్లు లేకుండా లిపోపాలీశాకరైడ్ (కొవ్వు, చక్కెర కలిసిన అణువు) మాత్రమే ఉన్న ద్వీపాలను చూపించారు. పాలు పుల్లబడటంలో, చీజ్ తయారీలో పనిచేసే లాక్టోకాకస్ లాక్టిస్ మామూలుగా నున్నగా కనిపిస్తుంది. జన్యువు మారి బయటి చక్కెర పూత లేకుండా పోయిన మ్యూటెంట్‌ను చూస్తే 25 నానోమీటర్ల వెడల్పు పట్టీలు బయటపడ్డాయి. అవి పెప్టిడోగ్లైకాన్ (బ్యాక్టీరియా గోడను కట్టే పదార్థం) పట్టీలే అని తేల్చడానికి, దాన్ని గుర్తుపట్టే ప్రోటీన్‌ను మొనకు తగిలించి మళ్లీ తడిమారు.

ఈ చివరి ఉపాయంలోనే ఏఎఫ్ఎం మైక్రోస్కోపు పని దాటి తక్కెడ అవుతుంది. మొనను ఒక చోట దించి, తాకించి, లాగుతూ బలాన్ని గీస్తే వచ్చేది ఫోర్స్ కర్వ్. దిగేటప్పటి వాలు కణం ఎంత గట్టిదో చెబుతుంది, లాగేటప్పటి గుంజుడు అది ఎంత అంటుకుందో చెబుతుంది. మొనకు బంగారం పూసి, పాలీఇథిలిన్ గ్లైకాల్ దారంతో ఒక అణువును కట్టి దించితే, కణం మీద దాని జత అణువు ఎక్కడుందో ఒక్కొక్కటిగా పట్టుకోవచ్చు. 32 అడ్డం, 32 నిలువు చోట్ల దించితే 1,024 కర్వులు, దాంతో ఒక పటం. చర్మం మీది స్టఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌లో ఎస్‌డీఆర్‌జీ అనే ప్రోటీన్ మన రక్తంలోని ఫైబ్రినోజెన్‌ను పట్టుకుంటే విడదీయడానికి సుమారు 2 నానోన్యూటన్లు కావాలి. గట్టి జంటగా పేరున్న స్ట్రెప్టావిడిన్–బయోటిన్‌కు కావాల్సిన దానికి ఇది పదింతలు, రసాయన బంధం తెగే బలానికి దగ్గర. శరీరంలో పెట్టిన ప్లాస్టిక్ గొట్టాల మీద ఈ క్రిమి ఎందుకంత మొండిగా పాతుకుంటుందో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. అయితే అంటుకున్నది మనం కట్టిన అణువే అని రుజువు కావాలి. అదే అణువును నీళ్లలో విడిగా కలిపి జత స్థానాలన్నీ నింపేస్తే గుంజుడు పోవాలి. ఈ పరీక్ష లేని పటాన్ని పక్కన పెట్టడమే మేలు.

గట్టిదనం అంకెల విషయంలో ఇంకా జాగ్రత్త. యంత్రంతో వచ్చే సాఫ్ట్‌వేర్ ఒక బటన్‌తో హెర్ట్జ్ నమూనా అనే లెక్క వేసి యంగ్స్ మాడ్యులస్ (గట్టిదనానికి కొలత) ఇచ్చేస్తుంది. ఆ నమూనా లోపలంతా ఒకే పదార్థమున్న గట్టి ముద్ద కోసం. బ్యాక్టీరియా అలా కాదు, గాలి నింపిన బంతి లాంటిది. పైపొర మెత్తదనం ఒకటి, లోపలి ఒత్తిడి ఇంకొకటి. ఎక్కువ లోతుకు నొక్కితే కర్వ్ సరళరేఖ అవుతుంది, అక్కడ కొలిచేది లోపలి ఒత్తిడినే. కింద రంధ్రంలో ఇరికించిన కణానికీ, జెలటిన్ మీద పరుచుకున్న కణానికీ అంకె వేరుగా వస్తుంది. తడిగా ఉన్న ఈ.కోలి గోడ సంచికీ ఎండినదానికీ మధ్య తేడా పది రెట్లకు పైనే. ఒకే జీవికి వేర్వేరు పేపర్లలో వందల రెట్ల తేడాలు కనిపించడానికి కారణం జీవి కాదు, పట్టుకున్న తీరు, నొక్కిన లోతు.

ఇక బతికే ఉందా? స్కాన్ అయ్యాక సిటో 9, ప్రొపిడియం అయొడైడ్ అనే రెండు రంగులు కలిపి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపులో చూస్తారు. పొర చెక్కుచెదరని కణం ఆకుపచ్చగా, చిల్లుపడినది ఎర్రగా వెలుగుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మొన తిరిగిన చోట మాత్రమే చూడటం. మొన అసలు తాకని చోట కూడా చూడాలి. తాకినవి ఎర్రబడి తాకనివి పచ్చగా ఉంటే చంపింది మొన. రెండూ ఎర్రగా ఉంటే చంపింది మనం కట్టేసిన జిగురో, ఉప్పు లేని నీళ్లో. పచ్చగా ఉంటే బతికున్నట్టేనా అంటే అదీ పూర్తిగా కాదు. పొర బాగానే ఉండి లోపల పని ఆగిపోయిన కణం కూడా పచ్చగానే వెలుగుతుంది. తిరుగులేని సాక్ష్యం ఒకటే, మొన కింద కణం ఎదిగి విడిపోవడం. లాసాన్‌లోని ఈపీఎఫ్ఎల్ (స్విట్జర్లాండ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం) బృందం 2017లో క్షయ క్రిమికి దగ్గరి చుట్టమైన మైకోబ్యాక్టీరియం స్మెగ్మాటిస్‌ను తరాల తరబడి మొనతో తడుముతూ కూర్చుంది. ఆ కణాల ఒంటి మీద అలల్లా ఎత్తుపల్లాలుంటాయి. కణం ఎక్కడ చీలబోతోందో చీలడానికి చాలా ముందే, ఒక పల్లం రూపంలో, అక్కడ రాసి ఉంది.